ఆసుపత్రి ఉద్యోగంలో మిమ్మల్ని నిలబెట్టేది ఏమిటి? మీ అనుభవం చెప్పండి

తిరుపతి సిస్టర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జిగా చేస్తున్నాను. ఈ మధ్య మా వార్డులో మంచి పనిమంతులైన పిల్లలు ఒకరి వెనక ఒకరు మానేశారు. ఒకమ్మాయి బెంగళూరు వెళ్ళింది, ఒకమ్మాయి వేలూరు వైపు చేరింది, మిగిలినవాళ్ళు ఇంట్లో కూర్చుని నోటిఫికేషన్ల కోసం చదువుకుంటున్నారు. మేనేజ్‌మెంటు నన్ను పిలిచి "స్టాఫ్‌కు అసలు ఏం కావాలో కనుక్కుని రాసుకురామ్మా" అన్నారు. వాళ్ళు ఇప్పటికే అనుకున్నవి కొన్ని ఉన్నాయి. నెలకొకరి ఫొటో 'బెస్ట్ నర్స్' అని గోడకు పెట్టడం, మే 12న నర్సుల దినోత్సవానికి కేకు, ఏడాదికోసారి పిక్నిక్. అవి చేస్తే సంతోషమే. కానీ మానేసిన పిల్లలతో నేను విడివిడిగా మాట్లాడాను. ఒక్కరి నోట కూడా వీటి ఊసు రాలేదు.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. నర్సులే చెప్పాలని లేదు. ల్యాబ్, ఫార్మసీ, ఎక్స్‌రే, ఆయమ్మలు, స్ట్రెచర్ తోసేవాళ్ళు, బిల్లింగ్ కౌంటర్లో కూర్చునేవాళ్ళు, ఆరోగ్యమిత్రలు, ఎవరైనా సరే. మీ ఉద్యోగంలో దేనికి విలువ ఇస్తారు? ఏది ఉందని ఉండిపోయారు? ఏది లేక వెళ్ళిపోయారు?

ముందు నా సంగతి చెప్తాను. మాది కొండ కింద ఊరు. కేజువాల్టీకి వచ్చేవాళ్ళలో చానామంది పొరుగూళ్ళ నుంచి దర్శనానికి వచ్చినవాళ్ళే. అలిపిరి నుంచి నడకదారిలో 3,550 మెట్లు. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్ళు మొక్కు అని ఎక్కేస్తారు. ఒక ఎండాకాలం హోసూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన మెట్ల మీదే కళ్ళు తిరిగి పడితే మా దగ్గరికి తెచ్చారు. ఒంట్లో నీళ్ళు లేక నరాలన్నీ అణిగిపోయాయి. ఇద్దరు ప్రయత్నించారు, దొరకలేదు. డ్యూటీ డాక్టరు "అక్కను పిలవండి" అన్నాడు. నేను వెళ్ళి ఆయన చేతికి వేడినీళ్ళలో పిండిన గుడ్డ చుట్టించాను. చెయ్యి మంచం పక్కకు కిందికి వేలాడేలా పెట్టించాను. కాసేపాగి చేతికి టోర్నికే (బిగించే పట్టీ) కట్టి, కంటికి కనపడేదాన్ని నమ్ముకోకుండా వేలితో వెతికాను. ముంజేతికి బొటనవేలి వైపు ఒకచోట నొక్కి వదిలితే మెత్తగా పైకి లేచింది. 22 గేజ్ కెన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) పెట్టాను. వెనక చాంబర్లో రక్తం కనపడింది, సెలైన్ ఎక్కింది. గంట తిరక్కముందే ఆయన కళ్ళు తెరిచి భార్య కోసం వెతుక్కున్నాడు.

"అక్కను పిలవండి" అన్నారే, ఆ నమ్మకం నాకు చాలా పెద్దది. చేతిలో పని ఉందని నలుగురూ ఒప్పుకున్న చోట అలసట తక్కువ.

రెండోది డ్యూటీ చార్టు. నేను ఇంతకు ముందు చేసిన చోట రేపటి డ్యూటీ ఈ రాత్రి వాట్సాప్‌లో వచ్చేది. మార్నింగ్ అనుకుని పడుకుంటే నైట్ అయ్యేది. చంద్రగిరి నుంచి వచ్చే దాన్ని. పొద్దున మనమే పెందలాడే లేచి వంట చేసి బయల్దేరాలా, పాపను స్కూలుకు ఎవరు దింపాలి, ఏదీ తెలిసేది కాదు. మా చెల్లెలి గృహప్రవేశానికి వస్తానని నోరారా చెప్పలేకపోయాను. జీతం కోసం కాదు, ఆ చార్టు కోసమే అక్కడ మానేశాను. ఇప్పుడున్న చోట నా చేతికే చార్టు ఇచ్చారు కాబట్టి దాన్ని ఎట్లా బాగా వేయాలో కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

చిత్తూరు ల్యాబ్

అక్కా, మంచి ప్రశ్న అడిగారు. నేను చిత్తూరులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మమ్మల్ని ఎవరూ చూడరు. పేషెంటుకు డాక్టరు తెలుసు, సిస్టర్ తెలుసు, రిపోర్టు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. దానికి నాకు బాధ లేదు. నాకు కావాల్సింది ఒకటే. నేను ఫోన్ చేస్తే వార్డులో ఎవరో ఒకరు ఎత్తాలి, చెప్పింది వినాలి.

ఒక ఉదాహరణ చెప్తా. ఒకరోజు డయాలసిస్ తప్పిపోయిన పేషెంటు శాంపిల్ వచ్చింది. పొటాషియం 7 దాటింది, అది గుండెకు ప్రమాదం. ముందు సీరం (రక్తకణాలు తీసేశాక మిగిలే నీరు) రంగు చూశాను. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలిపోతే సీరం ఎర్రగా మారుతుంది, అప్పుడు పొటాషియం ఉత్తుత్తిగా ఎక్కువ చూపిస్తుంది. ఇది లేత పసుపుగా శుభ్రంగా ఉంది. మళ్ళీ రన్ చేశాను, అదే వచ్చింది. వార్డుకు ఫోన్ చేసి "సార్‌కు ఇప్పుడే చెప్పండి, ఈసీజీ చూడమనండి" అన్నాను. ఆ సిస్టర్ "ఒక్క నిమిషం" అని రిపోర్టులో వచ్చిన నెంబరు రాసుకుని, నాకు తిరిగి చదివి వినిపించింది. డాక్టరు ఈసీజీ చూసి వెంటనే కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చారు. సాయంత్రం ఆ డాక్టరు ల్యాబ్ కిటికీ దగ్గరికి వచ్చి "పేషెంటు బాగున్నాడు" అని చెప్పి వెళ్ళారు. రెండు ముక్కలు, అంతే. నేను ఇంటికెళ్ళి మా ఆవిడకు చెప్పుకున్నాను.

దీనికి విరుద్ధంగా, ఇంకో చోట ఇట్లాంటి ఫోన్ చేస్తే "రిపోర్టు పంపండి, మేం చూసుకుంటాం" అని పెట్టేసేవాళ్ళు. అక్కడ ఎక్కువ రోజులు లేను. మీరు రాసే కాగితంలో ల్యాబ్ నుంచి వచ్చే అర్జెంటు ఫోన్ ఎవరు ఎత్తాలి, ఎక్కడ రాయాలి అనేది పెట్టండి. ఖర్చు లేని పని.

బెంగళూరు బ్రదర్

మేడమ్, నేను మీతో కొంత విభేదిస్తాను, ఏమీ అనుకోవద్దు. నాది పలమనేరు దగ్గర పల్లె. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు చదివించడానికి మా నాయన ఆవుల్ని అమ్మినాడు. చదువయ్యాక మన జిల్లాలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూలో చేరాను. పని నచ్చింది. వెంటిలేటర్ మీదున్న మనిషిని మెల్లమెల్లగా దాని నుంచి తప్పించి, ఒకరోజు ఆయన తన గొంతుతో "మంచినీళ్ళు" అని అడిగితే కలిగే సంతోషం నాకూ తెలుసు. కానీ నెలాఖరున ఇంటికి పంపడానికి ఏమీ మిగిలేది కాదు.

2016లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతాల గురించి సిఫార్సు చేసింది. 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 కంటే తక్కువ ఇవ్వకూడదు. 200 పడకలు దాటితే ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుకు ఇచ్చేంత ఇవ్వాలి. 100 దాటితే పదోవంతుకు మించి తగ్గకూడదు. నాకు ఇచ్చింది ఆ 20,000కు చాలా కింద. అదీ ఏ తేదీన పడుతుందో చెప్పేవాళ్ళు కాదు. ఒక నెల 7న, ఒక నెల 19న. బ్యాంకు లోను ఈఎంఐ మాత్రం 5వ తేదీనే పోతుంది. పైగా నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉండేవి. వాటిని విడిపించుకోవడానికి నేను పడిన టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మర్యాద, నమ్మకం, చార్టు అన్నీ కావాలి, కాదనను. కానీ మీ కాగితంలో జీతాన్ని కిందెక్కడో రాస్తే, మేనేజ్‌మెంటు పైనున్న ఖర్చు లేనివి చేసేసి "అన్నీ ఇచ్చాం కదా" అంటుంది. జీతం పైన రాయండి. ఎంత అన్నది ఒకటి, ఏ తేదీన అన్నది రెండు. పీఎఫ్ కడుతున్నారా, 21,000 లోపు జీతం వాళ్ళకు ఈఎస్ఐ ఉందా అన్నది కూడా. ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చేయాలని ఇంకో లైను.

తిరుపతి సిస్టర్

బ్రదర్, ఏమీ అనుకోలేదు, మీరు రాసింది రెండుసార్లు చదివాను. చార్టు కోసమే మానేశానన్న నేను కూడా ఆలోచించాల్సిన మాట. మా ఆయనకు ఉద్యోగం ఉంది, ఒక నెల జీతం ఆలస్యమైనా మా ఇల్లు నడుస్తుంది. మా వార్డు పిల్లల్లో చానామందికి ఆ వీలు లేదు. జీతం, తేదీ మొదట రాస్తున్నాను. ఒరిజినల్స్ మాట మా దగ్గర కూడా అడగాలి.

చిత్తూరు తమ్ముడూ, ఆ సిస్టర్ నెంబరు రాసుకుని తిరిగి చదివి వినిపించింది అన్నారే, అది మా పిల్లలకు నేర్పిస్తాను. ఫోన్ పక్కన ఒక రిజిస్టరు కట్టి పెడతాను.

ఇంకా ఎవరైనా చెప్పాలి. ఆయమ్మలు, శానిటేషన్ వాళ్ళ మాట ఇక్కడ ఒక్కటీ రాలేదు.

అమ్మ తరఫున

అక్కా, మా అమ్మ ఒక పెద్దాసుపత్రిలో శానిటేషన్ పని చేస్తుంది. ఏజెన్సీ కింద. అమ్మకు టైప్ చేయడం రాదు. మీ ప్రశ్న చదివి వినిపించి, చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నన్ను పేరు పెట్టి పిలిచే సిస్టర్ ఒకామె ఉంది. మిగతావాళ్ళకు నేను 'ఏయ్, ఆయా'. ఆమె వార్డులో అయితే పిలవకముందే పోతాను. కూర్చోడానికి ఒక చోటు ఉండల్ల. మధ్యాన్నం క్యారియర్ తెరిచి తినేదానికి మెట్ల కింద కూర్చుంటాము, పక్కనే చెత్త బండి. నైట్ అయితే ఒళ్ళు వాల్చేదానికి లేదు. జీతం ఏజెన్సీ వాళ్ళు మారినప్పుడల్లా రెండు నెలలు ఆగిపోతాది. పాత వాళ్ళను అడిగితే కొత్త వాళ్ళను అడగమంటారు."

తర్వాత నేను అడిగితే ఇంకొకటి చెప్పింది. ఇది మాత్రం నాకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఆసుపత్రి చెత్త వేసే పసుపు కవరు మూట కడుతుంటే లోపల నుంచి సూది గ్లౌజులోంచి వేలికి దిగింది. సూదులు పసుపు కవర్లో ఉండకూడదు. రక్తం, చీము అంటిన దూది, కట్టు గుడ్డలు పసుపులో, సెలైన్ ట్యూబులు, సూది తీసేసిన సిరంజిలు ఎరుపులో, సూదులేమో గుచ్చినా చిల్లు పడని గట్టి తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలంలో వేయాలి. అమ్మకు ఇవన్నీ నోటికి వచ్చు. కానీ హడావుడిలో ఎవరో సూదిని పసుపులో పడేశారు. అమ్మ ఎవరికీ చెప్పలేదు. చెప్తే 'నువ్వే సరిగా చూసుకోలేదు' అని మాన్పిస్తారని భయం. సబ్బుతో కడుక్కుని పని చేసుకుంది.

అక్కా, నేను డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చదువుతున్నాను, కాబట్టి ఆ మాట వినగానే గుండె ఆగినంత పనైంది. అదృష్టం బాగుండి తర్వాత చేయించిన టెస్టులన్నీ నెగెటివ్. మీ కాగితంలో ఇది రాయండి. సూది గుచ్చుకుంటే వెంటనే చెప్పవచ్చు, చెప్పినవాళ్ళను ఎవరూ తిట్టరు, ఉద్యోగం పోదు అని ఆయమ్మలందరికీ నోటితో చెప్పండి. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు ఏజెన్సీ వాళ్ళకు కూడా వేయించండి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బీ, ధనుర్వాతం టీకాలు వేయించాలని ఉంది. మా అమ్మకు ఇన్నేళ్ళలో ఎవరూ వేయించలేదు. నేను పట్టుకెళ్ళి బయట వేయించాను.

రిటైర్డ్ హెడ్ నర్స్

అమ్మాయీ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. ఆమె మాటలు చదివాక నా కళ్ళు తడిసినాయి.

తిరుపతి సిస్టరమ్మా, నేను సర్వీసంతా ప్రభుత్వాసుపత్రిలోనే చేసి దిగాను. మీ మేనేజ్‌మెంటుకు ఒక మాట చెప్పు. ఈ ఊళ్ళో నర్సుకు దారులు చానా ఉన్నాయి. రుయా ప్రభుత్వాసుపత్రి ఉంది, 1993 నుంచి స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అంతకు ముందు నుంచీ ఎముకల ఆసుపత్రి బర్డ్ ఉంది, 2021లో చిన్నపిల్లల గుండె ఆసుపత్రి వచ్చింది. పక్కన వేలూరులో పెద్దాసుపత్రి. ఇంత దగ్గర్లో ఇన్ని ఉన్నప్పుడు పిల్లల్ని సర్టిఫికెట్లు పెట్టుకునో బాండు రాయించుకునో నిలుపుకోలేరు.

ఇది మన దగ్గరే కొత్తగా వచ్చిన సమస్య కాదు. అమెరికాలో నర్సుల కొరత వచ్చినప్పుడు 1983లో అక్కడి నర్సింగ్ అకాడమీ వాళ్ళు, నర్సులు మానేయకుండా నిలిచే ఆసుపత్రులు 41 ఎంచి, అక్కడ ఏముందో చూశారు. అందుబాటులో ఉండి మాట వినే నర్సింగ్ పెద్దలు, సరిపడా మంది, తమ పని మీద తమకు అధికారం, చదువుకునే వీలు. అయస్కాంతం లాంటి ఆసుపత్రులు అని వాటికి పేరు పెట్టారు. మేం ట్రైనింగులో విన్నాం. విన్నప్పుడు మన వార్డుల్లో ఏది ఉంది, ఏది లేదు అని లెక్కేసుకున్నాను. లేనిది ప్రతిసారీ ఒకటే, సరిపడా మంది.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆసుపత్రి జనరల్ వార్డులో అయిదుగురు రోగులకు ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు. సెలవుల కోసం మరో 30 శాతం మందిని అదనంగా పెట్టుకోవాలి. ఈ 30 శాతం లేని చోట ఎంత తెలివైన ఇన్‌ఛార్జి వేసినా చార్టు నిలవదు. ఒకమ్మాయికి జ్వరం వస్తే ఇంకొకమ్మాయికి డబుల్ డ్యూటీ. ఆ రెండో అమ్మాయి మరుసటి వారం మానేస్తుంది. కాబట్టి నీ కాగితంలో జీతం కింద రెండో లైను ఇది.

ఇంకొకటి ఎవరూ రాయలేదు. పేషెంటు పోయినప్పుడు బంధువులు వార్డు మీద పడతారు. దుఃఖంలో ఉన్నవాళ్ళు, వాళ్ళనూ అనలేం. కానీ ఆ కేకలు, తోపులాటలు భరించేది నైట్ డ్యూటీలో ఉన్న ఇరవై రెండేళ్ళ పిల్ల. ఆ సమయంలో పెద్దవాళ్ళు ఎవరైనా వచ్చి ఆమె ముందు నిలబడ్డారా, లేదా? ఆ పిల్ల జన్మలో మర్చిపోదు. మా సూపరింటెండెంట్ ఒకాయన ఎన్ని గంటలకైనా వచ్చేవాడు. వచ్చి ముందు సిస్టర్‌ను లోపలికి పంపి, తాను కుర్చీ లాక్కుని బంధువుల మధ్య కూర్చునేవాడు. అరిచేవాళ్ళను అరవనిచ్చి, అంతా అయ్యాక కేస్ షీట్ తెరిచి ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ మా దగ్గర నుంచి ట్రాన్స్‌ఫర్ అడిగినవాళ్ళు తక్కువ. మన రాష్ట్రంలో 2008 నుంచి చట్టం ఉంది. ఆసుపత్రి సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే మూడేళ్ళ దాకా జైలు. కేజువాల్టీ దగ్గర ఆ బోర్డు పెట్టించు. కానీ బోర్డుకు ముందు మనిషి రావాలి. రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి, ఆ మనిషి ఎంతసేపట్లో వస్తాడు అని రాయించుకో.

చిన్న బిడ్డల తల్లుల సంగతి మర్చిపోకు. 2017 నుంచి ప్రసూతి సెలవు 26 వారాలు, 50 మంది పనిచేసే చోట పిల్లల్ని ఉంచే గది ఉండాలి. మీ ఆసుపత్రిలో ఆ గది ఉందా?

తిరుపతి సిస్టర్

మేడమ్, గది లేదు. ఒక అమ్మాయి ప్రసవం అయ్యాక తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే "పాలు తాగే బిడ్డను ఎవరికి ఇచ్చి రానక్కా" అంది. చాలా నైపుణ్యం ఉన్న పిల్ల. పాత స్టోర్ రూము ఒకటి ఖాళీగా ఉంది, దానికి కిటికీ కూడా ఉంది. ఆ గదినే అడుగుతాను. ఆయమ్మలు అన్నం తినడానికి వేరే చోటు అడుగుతాను, అది కూడా మాకు లేదు.

కాగితం ఈ రాత్రి రాస్తున్నాను. జీతం, తేదీ. తర్వాత మనుషుల సంఖ్య. ఆ తర్వాత రాత్రి ఫోన్ చేస్తే వచ్చి నిలబడే పెద్దమనిషి, సూది గుచ్చుకుంటే తిట్టకుండా మందు, టీకాలు ఏజెన్సీ వాళ్ళతో సహా. మేనేజ్‌మెంటు దగ్గర వీటిలో కొన్నింటికి వెంటనే 'సరే' రాదని తెలుసు. జీతం మాట ఎత్తితే బెడ్లు నిండట్లేదంటారు, ప్రభుత్వ వైద్యసేవ పథకం బిల్లులు ఆలస్యం అంటారు. అయినా తేదీ ఖాయం చేయడం వాళ్ళ చేతుల్లో ఉన్నదే, అక్కడ గట్టిగా కూర్చుంటాను.

చార్టు మాత్రం నా చేతిలోనే ఉంది. మేడమ్, మీరు ఎట్లా వేసేవారో కొంచెం వివరంగా చెప్తారా?

రిటైర్డ్ హెడ్ నర్స్

చెప్తానమ్మా. ఒక నోటు పుస్తకం వార్డులో తాడు కట్టి వేలాడదీయి. వచ్చే నెల ఎవరికి ఏ రోజు సెలవు కావాలో 20వ తేదీ లోపల వాళ్ళ చేత్తో వాళ్ళే రాయాలి. పరీక్ష, పెళ్ళి, బిడ్డ టీకా, ఏదైనా. ఒక్కొక్కరికి రెండు రోజులు ఖాయంగా ఇవ్వు, మిగతావి కుదిరితే. 25కల్లా చార్టు గోడ మీద ఉండాలి. ఆ తర్వాత నువ్వు మార్చకు. వాళ్ళలో వాళ్ళు మార్చుకోవాలంటే ఇద్దరూ సంతకం పెట్టి నీకు చూపించాలి.

నైట్లు వరసగా వేసేయి, విడివిడిగా చల్లకు. దిగిన రోజును సెలవు కింద లెక్కగట్టొద్దు, అది నిద్ర రోజు. ఆఫ్ దాని మరుసటి రోజు నుంచి. ఈవెనింగ్ చేసి రాత్రి ఇంటికెళ్ళిన పిల్లకు తెల్లారి మార్నింగ్ వేయకు. కొత్తగా చేరినవాళ్ళిద్దరినీ ఒకే నైట్‌లో పెట్టకు, పక్కన చెయ్యి తిరిగినవాళ్ళు ఒకరు ఉండాలి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు మన ఊళ్ళో రద్దీ. గరుడసేవ నాడు ఎవరికీ ఆఫ్ దొరకదు. ఆ మాట రెండు నెలల ముందే చెప్పేసి, పోయిన ఏడాది ఆ రోజు చేసినవాళ్ళ పేర్లు చూసి ఈసారి వేరేవాళ్ళను వేయి. ఆ పేర్లు కూడా అదే పుస్తకంలో వెనక పేజీలో రాసి పెట్టుకో. ఏడాది తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు.